తాతగారి జోడుగొట్టాల ఇంగ్లీషు రైఫిలు: డీలరు 60 వేలంటున్నాడు, పెట్టెకి వేరే బేరం

గోస్తనీ_గట్టు
మా తాత పోయి ఎనిమిది నెలలైంది. ఆయన లైసెన్సు మీదున్న రైఫిలు ఇప్పుడు టౌన్లో ఒక ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్లో ఉంది. పక్కపక్కన రెండు గొట్టాలు, పైకి కనబడే రెండు గుర్రాలు (తూటాని కొట్టి పేల్చే సుత్తుల్లాంటివి), ట్రిగ్గర్ గార్డుని చుట్టుకుని కింద ఒక మీట. ఆ మీట పక్కకి తిప్పితే గొట్టాలు కిందకి వంగుతాయి. మా ఊళ్లో అందరూ "దొర తుపాకి" అంటారు. గొట్టాల మధ్య పట్టీ మీద హాలండ్ అండ్ హాలండ్, 98 న్యూ బాండ్ స్ట్రీట్, లండన్ అని చెక్కి ఉంది. తూటా .500 ఎక్స్‌ప్రెస్ అట, అంటే అర అంగుళం సైజు. అవి దొరక్క 1960ల తర్వాత తాత దాన్ని పేల్చిందే లేదు.

పెట్టె మా ఇంట్లోనే ఉంది. ఓక్ చెక్క మీద తోలు, మూలలకి ఇత్తడి, లోపల ఎర్ర బనాతు గుడ్డ. సామాన్లు కొన్ని ఉన్నాయి, రెండు గళ్ళు ఖాళీ.

నా గోల ఏటంటే, డీలరు రైఫిలుకి 60 వేలు ఇస్తానంటున్నాడు. పెట్టె మాత్రం ఎవరో హోటల్లో అలంకారానికి అడిగారట, దానికి వేరేగా 15 వేలు. పైగా "గొట్టాలు ఎర్రగా తుప్పు రంగులో ఉన్నాయి, ఫ్రీగా నల్ల పాలిష్ కొట్టించి పెడతా" అంటాడు. చిన్నాన్న ఇచ్చేయమంటున్నాడు. ఏం చేద్దాం?

పులిహోర_ఫస్ట్
ఫస్ట్! ఫొటో పెట్టకుండా తుపాకి గురించి అడిగేవాడూ పెళ్లికూతుర్ని చూపించకుండా కట్నం అడిగేవాడూ ఒకటే.

తుప్పు_తాళం
పాలిష్ వద్దు. వద్దంటే వద్దు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కారణం చెబుతా. ఆ గొట్టాలు రెండూ, మధ్య పట్టీ కలిసి సీసం-తగరం టంకంతో అతికి ఉంటాయి. మామూలు వర్క్‌షాపుల్లో చేసే నల్ల పాలిష్ అంటే మరిగే క్షారంలో ముంచడం. ఆ క్షారం టంకాన్ని తినేస్తుంది. ముంచి తీసినప్పుడు బాగానే కనిపిస్తుంది. కొన్నాళ్లకి పట్టీ లేస్తుంది, గొట్టాలు దేనికదే అవుతాయి. ఇక మీరు తుప్పు అనుకుంటున్న ఆ గోధుమరంగు తుప్పు కాదు. అప్పట్లో పనిగట్టుకుని తెప్పించిన రంగు అది. ఆమ్లం రాసి, పట్టిన తుప్పుని తీగ బ్రష్షుతో గీకి, మళ్ళీ రాసి, రోజుల తరబడి చేసేవారు.

గోస్తనీ_గట్టు
అయ్యబాబోయ్. పొద్దున్నే వెళ్తాను.

లైసెన్స్_లింగం
పాలిష్ సంగతి తర్వాత. వారసులుగా లైసెన్సుకి దరఖాస్తు పెట్టారా లేదా? డిపాజిట్ చేయడం మంచి పని, ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం అదే చెయ్యాలి. కానీ డిపాజిట్ చేసి కూర్చుంటే వస్తువు ఎప్పటికీ మీది అయి ఉండదు, గడువు దాటితే సర్కారుకి పోతుంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల నుంచి "మాకు అభ్యంతరం లేదు" అన్న అఫిడవిట్లు పట్టుకుని కలెక్టరాఫీసుకి కదలండి.

డల్లాస్_డబ్బాడు
వందేళ్ళ పైబడిన యాంటిక్ కదా, దానికి లైసెన్సేంటి? ఇక్కడ 1898 దాకా తయారైనవి యాంటిక్కే, ఫెడరల్ చట్టం వాటిని తుపాకీగానే లెక్కించదు. బ్రదర్, నాకు అమ్మేయ్. డాలర్లలో ఇస్తా.

లైసెన్స్_లింగం
డల్లాస్ గారూ, అది మీ దేశం. ఇక్కడ సంవత్సరం చూసి వదిలెయ్యరు. 45వ సెక్షన్లో పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే రిపేరు చేసినా చెయ్యకపోయినా ఇక పేలదు అన్నప్పుడే ఆ మినహాయింపు. ఈ రైఫిలు శుభ్రంగా ఉంది, తూటా దొరికితే పేలుతుంది. లైసెన్సు ఉండి తీరాలి.

ఇక డాలర్ల సంగతి. వందేళ్ళు దాటిన పురావస్తువుని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం ప్రైవేటు మనిషికి కుదరదు. మీ డాలర్లు మీ దగ్గరే క్షేమంగా ఉంటాయి.

పులిహోర_ఫస్ట్
డల్లాస్ అన్న గాయబ్.

బర్మింగ్‌హామ్_బావ
నేను తుపాకులు కొనేవాణ్ణి కాదు. ఇక్కడ వేలం హాళ్ళలో ప్రివ్యూ రోజు టికెట్ లేకుండా చూడొచ్చు కాబట్టి శని ఆదివారాలు తిరుగుతుంటా. నాలుగు మాటలు.

ఆ కంపెనీని హారిస్ హాలండ్ 1835లో మొదలుపెట్టాడు. మేనల్లుడు హెన్రీ కలిశాక 1876లో పేరు "హాలండ్ అండ్ హాలండ్" అయింది. పట్టీ మీద రెండు హాలండ్లు ఉన్నారంటే మీది 1876 తర్వాతదే. పైకి గుర్రాలు, కింద మీట, నల్ల తుపాకిమందు తూటా... ఇవన్నీ చూస్తే 1880ల చుట్టుపక్కల అనిపిస్తోంది. సీరియల్ నంబరు మీట దగ్గరా, గొట్టాల అడుగునా, ముందు చేతిచెక్క లోపలా ఉంటుంది. మూడూ ఒకటేనా చూడండి. ఆ నంబరు రాసి పంపితే కంపెనీ వాళ్ళు ఫీజు తీసుకుని పాత పద్దు పుస్తకం చూసి, మొదట ఎవరికి అమ్మారో, గొట్టాల పొడవెంతో, ఏ మందుతో గురి సరిచేశారో చెబుతారు.

పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పండి. నాకు రైఫిలు కన్నా పెట్టె మీదే అనుమానం.

గోస్తనీ_గట్టు
డీలరుతో మాట్లాడాను, పాలిష్ ఆపాడు. కొంచెం మొహం మాడ్చుకున్నాడు.

పెట్టెలో ఉన్నవి: మూడు ముక్కలుగా విడిపోయే శుభ్రం చేసే కడ్డీ, ఎర్ర చందనం లాంటి చెక్క పిడితో. రెండు స్క్రూడ్రైవర్లు. నలుచదరంగా తెల్లలోహంతో చిన్న నూనె సీసా, మూతకి సూదిలాంటి పుల్ల (మా నాయనమ్మ ఇందులో ఆముదం పోసి కుట్టు మిషనుకి వాడేది). టేబుల్ అంచుకి బిగించి చేత్తో తిప్పే ఇత్తడి మిషను ఒకటి. దాన్ని అందరం పాడైపోయిన కొబ్బరి కోరే మిషను అనుకున్నాం. దాని మీద 12 అని ఉంది. ఇంకా అడ్డకత్తెరలా ఉండే ఇనప వస్తువు ఒకటుంది, దాంతో వక్కలు కత్తిరించబోయి తాత చేత తిట్లు తిన్నాను. అది పెట్టెలో కాదు, గుడ్డ సంచిలో ఉండేది.

మూత లోపల కాగితం లేబుల్: పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్.

చెరకుతోట
పి. ఓర్ అంటే మౌంట్ రోడ్డులో గడియారం బిల్డింగు వాళ్ళు కదా? వాచీలోళ్ళు తుపాకులు అమ్మడమేంటి?

మాజీ_హవల్దారు
వాచీలు, వెండి సామాన్లు, తుపాకులు, అన్నీ అమ్మేవారు. జమీందార్లకి, దొరలకి కావలసిన సరుకంతా ఒక్క షాపులో. కలకత్తాలో మాంటన్, రోడ్డా కంపెనీలు ఇంకా పెద్దవి. 1914 ఆగస్టులో ఆ రోడ్డా సరుకులోంచే 50 మౌజర్ పిస్తోళ్ళు, 46 వేల తూటాలు బెంగాలు విప్లవకారులు ఎత్తుకుపోయారు.

గోస్తనీ గారూ, ఇన్ని మాటలెందుకు, రెండు తూటాలు సంపాదించి ఒకసారి పేల్చి చూస్తే దాని దమ్మేంటో తెలుస్తుంది.

తుప్పు_తాళం
హవల్దారు గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, అది చాలా చెడ్డ సలహా. అది పాతకాలపు నల్ల తుపాకిమందు కోసం చేసింది. 1890ల నుంచి వాడకంలోకి వచ్చిన కార్డైట్ అనే పొగలేని మందు ఒత్తిడి వేరు. పైగా ఎండలో కార్డైట్ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మన దేశపు వేసవికని తగ్గించిన మోతాదుతో ప్రత్యేకంగా తూటాలు చేయించుకునేవారు కొత్త రైఫిళ్ళకే. నూట నలభై ఏళ్ళ దానికి ఏది పడితే అది పెడితే పేల్చేవాడి ఎడమ చెయ్యి ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

మాజీ_హవల్దారు
సరే, ఒప్పుకున్నా. సర్వీసులో .303 అలవాటు.

బర్మింగ్‌హామ్_బావ
గొట్టాల అడుగున, చదునుగా ఉన్న చోట, గొట్టం ఒత్తిడి తట్టుకుందని పేల్చి చూసి కొట్టిన చిన్న ముద్రలుంటాయి. లండన్ పరీక్ష అయితే కిరీటం కింద అల్లుకున్న జి.పి., ఇంకోటి కిరీటం కింద వి. 1904 తర్వాత కార్డైట్ లాంటి మందుతో పరీక్షించిన వాటికే ఎన్.పి. అని పడుతుంది. అది లేకపోతే దాన్ని చూడ్డానికే ఉంచుకోండి. ఇంకో సంగతి, పాలిష్ వాడు చక్రం పెట్టి రుద్దితే మొదట పోయేవి ఈ ముద్రలూ ఆ పట్టీ మీది అక్షరాలే.

కోనసముద్రం_పోరడు
గొట్టాల మీద అలలు అలలుగ గీతలున్నయా? దాన్ని డమాస్కస్ అంటరు. ఆ ఉక్కు మా దగ్గరిదే. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంల తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చెటోళ్ళు. ఇంగ్లీషోడు మన ఉక్కుతోనే చేసి మనకే అమ్మిండు.

తుప్పు_తాళం
తమ్ముడూ, కోనసముద్రం గొప్పదనం మీద నాకేం అనుమానం లేదు. కానీ ఇవి రెండూ వేరు. మన ఉక్కు మట్టి మూసలో కరిగించి పోసిన ముద్ద, కత్తుల మీద ఆ అలలు లోహం లోపలి నుంచే వస్తాయి. తుపాకి గొట్టాల డమాస్కస్ అంటే ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి తాడులా మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి సమ్మెటతో అతికినది. కంటికి ఒకేలా ఉంటాయి, పుట్టుక వేరు. పేరు ఒకటి కావడంతో వచ్చిన తికమక.

కోనసముద్రం_పోరడు
గట్లనా. అయినా మాది మాదే 😀

గోస్తనీ_గట్టు
అలల గీతలు లేవు, మామూలు ఉక్కే. బావ గారూ, పెట్టె మీద అనుమానం అన్నారు, ఎందుకు?

బర్మింగ్‌హామ్_బావ
మీ "కొబ్బరి కోరే మిషను" తుపాకి సామానే. కాగితపు తూటా మూతి మడిచే యంత్రం. దాని మీద 12 ఉందంటే 12 బోరు షాట్‌గన్ తూటాలకి. మీ రైఫిలు .500. ఇత్తడి తూటా. దానికి ఆ యంత్రంతో పనే లేదు. అడ్డకత్తెర లాంటిది గుండు పోసే అచ్చు. తెరిచి చూడండి, మధ్యలో సన్నటి పుల్ల దిగుతుంటే గుండు ముక్కులో బొక్క పడేలా పోసే ఎక్స్‌ప్రెస్ అచ్చు. అది రైఫిలుది. మరి రైఫిలు అచ్చుకి పెట్టెలో గడి ఎందుకు లేదు? సంచిలో ఎందుకుంది?

పులిహోర_ఫస్ట్
సీఐడీ బావ 🔍

గోస్తనీ_గట్టు
అచ్చు తెరిచాను. పుల్ల ఉంది! ఖాళీగా ఉన్న రెండు గళ్ళలో అచ్చు పెట్టి చూశా, ఒకదాంట్లో పట్టలేదు, రెండోదాంట్లో గలగలలాడుతోంది.

తుప్పు_తాళం
ఇంకో పరీక్ష ఉంది. పెట్టెని డీలరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన చేతే రైఫిలు విడదీయించి, దాంట్లో పడుకోబెట్టించండి. లైసెన్సు ఆయనది కాబట్టి ముట్టుకోవడం ఆయనే ముట్టుకోవాలి. సొంత పెట్టె అయితే గొట్టాలు వేలు దూరే సందు లేకుండా కూర్చుంటాయి. గుర్రాలు ఆనే చోట బనాతు మీద నల్లగా, గుంటలా అచ్చు పడి ఉంటుంది. వందేళ్ళు ఒకే చోట ఆనిన ఇనుము గుడ్డ మీద సంతకం చేసి పోతుంది.

చెరకుతోట
నాకు తెలిసిన ఒకాయన అచ్చం ఇలాగే పెట్టె వేరు, తుపాకి వేరు అమ్మేశాడు. తర్వాత తెలిసింది, కలిపి ఉంటే విలువ ఎంతుండేదో. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే అదే చెప్పి ఏడుస్తాడు.

లైసెన్స్_లింగం
పెట్టె అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే డీలర్లకి దాని మీద కన్ను. గురి చూసే సైటు మీద తెల్ల పూస ఏమైనా ఉందా? వెన్నెల్లో గురి చూడ్డానికి అప్పట్లో ఏనుగు దంతం పెట్టేవారు. అదుంటే అమ్మకం విషయంలో వన్యప్రాణి చట్టం కూడా చూసుకోవాలి.

గోస్తనీ_గట్టు
డీలరు దగ్గరికి వెళ్ళొచ్చాను. స్కూటరు వెనకాల పెట్టె కట్టుకుని వెళ్తుంటే దారిలో ముగ్గురు హార్మోనియమా అనడిగారు.

సైటులో తెల్ల పూస లేదు, చిన్న వెండి చుక్క ఉంది. ముద్రలు కిరీటం జి.పి., కిరీటం వి. ఎన్.పి. లేదు. నంబర్లు మూడూ ఒకటే.

రైఫిలు గొట్టాలు 26 అంగుళాలు. పెట్టెలో గొట్టాల గడి 30 పైన. ఆ నాలుగంగుళాల సందులో పాత ఖద్దరు తువ్వాలు మడిచి కుక్కి ఉంది, ఇన్నాళ్ళూ అది దుమ్ము తుడవడానికి అనుకున్నా. గుర్రాల దగ్గర గుడ్డ మీద ఏ మచ్చా లేదు. మచ్చలు ఇంకో చోట ఉన్నాయి, ఇంకో ఆకారంలో.

ఇది ఈ రైఫిలు పెట్టె కాదు.

బర్మింగ్‌హామ్_బావ
30 అంగుళాలు అంటే షాట్‌గన్ గొట్టాలు. మీ తాతకి 12 బోరు ఉండేదా?

గోస్తనీ_గట్టు
ఉండేదట! నాన్న చెప్పాడు. నేను పుట్టకముందే అమ్మేశారు. పెట్టె మాత్రం ఉండిపోయింది.

తుప్పు_తాళం
అంటే డీలరు 15 వేలకి అడుగుతున్నది వేరే తుపాకి పెట్టె. అసలు పెట్టె ఎక్కడో ఉంది, లేదా ఎప్పుడో పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అటకలు, గాదెలు, పశువుల పాక, అన్నీ.

ఇంకో మాట, ఏ పెట్టె దొరికినా రైఫిలు దాంట్లో పెట్టి దాచకండి. మీది సముద్రం గాలి. తోలు, బనాతు రెండూ తేమ పీలుస్తాయి, వర్షాకాలం అయ్యేసరికి ఇనుముకి తుప్పు. పెట్టె చూపించుకోడానికి, మోసుకెళ్ళడానికి మాత్రమే. రైఫిలు విడిగా, నూనె గుడ్డతో తుడిచి ఉంచాలి.

చెరకుతోట
అసలు ఒక రైఫిలుకి ఇన్ని పెట్టెలు, అచ్చులు ఎందుకు? నాకర్థం కాలేదు.

బర్మింగ్‌హామ్_బావ
మంచి ప్రశ్న. రెండు గొట్టాల రైఫిలు కష్టమంతా ఇక్కడే ఉంది. రెండు గొట్టాలు సమానంగా పక్కపక్కన పెడితే గుళ్ళు ఒక చోట పడవు. కుడిది పేల్చినప్పుడు తుపాకి ఎగరడంతో పాటు కుడికి తిరుగుతుంది, ఎడమది ఎడమకి. అందుకని ముందువైపు గొట్టాలు కొద్దిగా లోపలికి వంచినట్టు అతుకుతారు. సరిచేసే మనిషి మూతి దగ్గర చిన్న చీలలు పెట్టి, పేల్చి చూసి, టంకం కరిగించి, చీల కదిపి, మళ్ళీ అతికి, మళ్ళీ పేలుస్తాడు. రెండు గుళ్ళూ ఒకే చోట పడేదాకా. అదీ ఒకే మందుకి, ఒకే బరువు గుండుకి. మందు మారిందా, గుళ్ళు చెదురుతాయి. అందుకే ఆ రైఫిలుకి సరిపడే గుండు కోసం దాని అచ్చు దాంతోనే ఇచ్చేవారు. మందు ఎంతో రాసిన లేబులు మూత లోపల అతికించేవారు. అడవిలో మకాం వేసిన దొర తూటాలు తనే నింపుకోవాలి మరి.

మాజీ_హవల్దారు
1907 ప్రాంతంలో .450 బోరుని ఇండియాలోకి రానివ్వలేదు, అదీ ఈ గుళ్ళ గొడవే. బ్రిటిషు సైన్యపు పాత మార్టినీ-హెన్రీ తుపాకులు తిరగబడ్డవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, .450 గుళ్ళు వాటికి పనికొస్తాయని సర్కారు భయం. దాంతో ఇంగ్లండులో కంపెనీలు పరుగులు పెట్టి .470, .465 అని కొత్త తూటాలు కనిపెట్టాయి. మన మీద భయంతో పుట్టిన సైజులవి.

పులిహోర_ఫస్ట్
హవల్దారు బాబాయ్ మొదటి పోస్టుకి ప్రాయశ్చిత్తం అయిపోయింది.

గోస్తనీ_గట్టు
దొరికింది.

చెబితే నవ్వుతారు. మా పెద్దత్త బొబ్బిల్లో ఉంటుంది. ఫోన్లో "అత్తా, తాత తుపాకి పెట్టె ఇంకోటి చూశావా" అంటే "తుపాకి పెట్టె నాకెందుకురా" అంది. రెండు నిమిషాలాగి, "మీ తాత నా పెళ్ళికి బొమ్మలు పెట్టి ఇచ్చిన పెట్టె ఒకటుంది, అదేటీ?" అంది.

నిన్న వెళ్ళాను. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే బొమ్మలన్నీ అందులోనే. పొట్టిగా, బరువుగా, తోలు వేసిన ఓక్ పెట్టె. మూత తీస్తే, తుపాకి వెనక చెక్క (భుజానికి ఆనించేది) పట్టే గడిలో ఏటికొప్పాక లక్క దశావతారాలు వరసగా, గొట్టాల గడిలో పెళ్ళి ఊరేగింపు, మేళగాళ్ళతో సహా. గుండు అచ్చు గడిలో వినాయకుడు. అచ్చు తీసుకెళ్ళాను కాబట్టి వినాయకుణ్ణి లేపి పెట్టి చూశా. సరిగ్గా కూర్చుంది, టక్‌మని చప్పుడు కూడా వచ్చింది. గొట్టాల గడి 26 అంగుళాలు, టేపుతో కొలిచా. గుర్రాలు ఆనే చోట రెండు నల్ల గుంటలు, వాటి పక్కన మత్స్యావతారం తోక గీసిన ఎర్ర లక్క గీత.

మూత లోపల హాలండ్ లేబుల్. దాని కింద చిన్న కాగితం, సిరా చెదిరింది కానీ చదవొచ్చు: మందు 5 డ్రాములు, కర్టిస్ అండ్ హార్వీ 6వ నంబరు (మందు బ్రాండు), గుండు 440 గ్రెయిన్లు. పైన తోలు మీద మూడు పొడి అక్షరాలు ఆర్.జె.ఎమ్. మా తాతవి కావు, మా ఇంట్లో ఎవరివీ కావు.

తుప్పు_తాళం
డ్రాము, గ్రెయిన్ రెండూ ఇంగ్లీషు తూకాలు. 5 డ్రాములు అంటే దాదాపు 137 గ్రెయిన్ల మందు. .500కి సరిగ్గా సరిపోతుంది. ఒంట్లో గగుర్పాటుగా ఉంది నాకు.

లేబులు మీద టేపు వెయ్యకండి, లామినేషన్ అసలే వద్దు. లక్క గీత కూడా తుడవకండి.

బర్మింగ్‌హామ్_బావ
ఆర్.జె.ఎమ్. ఎవరో పద్దు పుస్తకంలో దొరకొచ్చు. నంబరు నాకు ప్రైవేటుగా పంపండి, ఇక్కడి నుంచి ఉత్తరం నేను రాస్తా, ఫీజు తర్వాత చూసుకుందాం. ఇక్కడ బహిరంగంగా పెట్టకండి.

లైసెన్స్_లింగం
వారసత్వం దరఖాస్తు???

గోస్తనీ_గట్టు
సోమవారం పెడుతున్నా లింగం గారూ. చిన్నాన్న అఫిడవిట్ ఇస్తానన్నాడు, అమ్మడం లేదని చెప్పాక రెండు రోజులు మాట్లాడలేదు కానీ. డీలరుకి కూడా చెప్పేశా. లక్షన్నర అన్నాడు వెంటనే.

చెరకుతోట
60 నుంచి లక్షన్నరకి ఒక్క ఫోన్లో 😂

కోనసముద్రం_పోరడు
అన్నా, పెట్టె ఇంటికి తెచ్చుకున్నవా మరి? ఫొటో పెట్టు.

గోస్తనీ_గట్టు
అదే సమస్య. అత్త ఇవ్వనంటోంది. "యాభై ఏళ్ళుగా ఒక్క బొమ్మ చెయ్యి విరగలేదు ఇందులో. మీ తుపాకికి ఇంకోటి కొనుక్కోండి" అంది. మద్రాసు పెట్టె తెచ్చిస్తాను, అది ఇంకా పొడుగు, బొమ్మలు ఎక్కువ పడతాయి అన్నాను. ముందు తెచ్చి చూపించమంది, దశావతారాలు పడుకోబెట్టి చూసి అప్పుడు చెబుతుందట. వచ్చే ఆదివారం మళ్ళీ స్కూటరు మీద.

పులిహోర_ఫస్ట్
ఈసారి ఎవరైనా అడిగితే హార్మోనియం అనే చెప్పు.